ఆషాఢం అమల్లో ఉన్న ఇల్లు

నరసాపురంలో ఉండే సువర్చలకు వీసా వచ్చింది, కాని ఆమె చేతులకు మాత్రమే వచ్చింది. మోచేతికి నాలుగు వేళ్ళ పైనుంచి గోళ్ళ కొసల దాకా రెండు చేతులనూ పనిలోకి తీసుకుంటున్నామని, మిగతా శరీరం ప్రస్తుతానికి తమకు అవసరం లేదని ఆ మంచుదేశం వారు మర్యాదగా ఉత్తరం రాశారు. కింద ఇద్దరు అధికారులు సంతకాలు చేశారు.

వీధిలో ఎవరూ వింతపడలేదు. అప్పటికే ఆ వీధి నుంచి నాలుగు జతల చేతులు, రెండు నడుములు, ఒక జత మోకాళ్ళు వెళ్ళి ఉన్నాయి. ఎదురింటి గోపాలస్వామి తల మూడేళ్ళుగా పరాయి దేశంలో కంప్యూటరు ముందు ఉంది. మొండెం పొద్దున్న పూట అరుగు మీద ఎండ కాచుకుంటుంది. మొన్నటి ఎన్నికల్లో దాన్ని ఆటోలో తీసుకెళ్ళి ఓటు కూడా వేయించారు. తల లేదని ఒక ఏజెంటు అభ్యంతరం చెబితే, సిరా చుక్క పెట్టేది వేలికే కదా అని రెండో ఏజెంటు సర్దిచెప్పాడు.

"చేతులే కదా అమ్మా," అంది అత్తగారు మంగాయమ్మ. "మనిషి ఎక్కడికీ పోదు గదా. ఇంట్లోనే ఉంటాది."

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు భర్త నాగభూషణం. అతను రొయ్యల మేత అమ్మే దుకాణంలో గుమాస్తా. అందరూ ఒప్పుకున్న మాటను చివర్లో తన మాటగా చెప్పడం అతని పద్ధతి.

సువర్చల బీఏ చదివింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి లేసు అల్లుతోంది. కుట్టులో ఒక కన్నం ఎక్కువ పడితే ఎవరూ కనిపెట్టరని తెలిసినా మొత్తం విప్పి మళ్ళీ అల్లుతుంది. ఆ అల్లికలు ఏజెంటు చేతుల మీదుగా ఓడెక్కి, ఆమెకు పేరు పలకడం రాని ఊళ్ళలో బల్లల మీద పరుచుకుంటాయని వినడమే తప్ప ఎన్నడూ చూడలేదు. పదిహేనేళ్ళుగా చేసిన పని వెళుతూనే ఉంది, ఇప్పుడు చేసే చేతులు వెళితే కొత్తగా పోయేదేమిటని ఆమెకూ అనిపించింది. ఆ మాట తర్వాత ఆమె దాచలేదు. తనను ఎవరూ తోసెయ్యలేదని, సగం దారి తానే నడిచానని చెప్పేది.

భీమవరంలోని ప్రవాస అవయవ రక్షణ కార్యాలయంలో చేతుల అప్పగింత జరిగింది. సూపరింటెండెంటు దైవసహాయం నెమ్మదైన మనిషి. పదహారు షరతులున్న కాగితాన్ని దరఖాస్తుదారుకు చదివి వినిపించకుండా సంతకం చేయనివ్వడు. గాజులు దేశం దాటరాదు. పుట్టుమచ్చలు దాటవచ్చు. చేతులకు కలిగే స్పర్శ ఇంటి దగ్గరున్న శరీరానికి తెలుస్తుంది, అందుకు ఎవరూ బాధ్యులు కారు. పద్నాలుగో షరతు దగ్గర ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"గోరింటాకు పనికిరాదమ్మా. చేతులకి వేలిముద్రలే పాస్‌పోర్టు. రంగు పడితే యంత్రం గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే ఆ చేతులు ఎవరివీ కావు."

"అలాగేనండి," అంది సువర్చల. పదహారు చోట్ల సంతకం పెట్టింది. ఆ తర్వాత చేతులు విడదీసి, దూది పరిచిన పెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టి, రసీదు ఇచ్చారు. పట్టుకోవడానికి ఆమెకు చేతులు లేవు కనుక రసీదును కూతురికి అందించారు. మధూలికకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ పిల్ల రసీదును భీమవరం నుంచి నరసాపురం దాకా బస్సులో రెండు చేతులా పట్టుకునే కూర్చుంది.

అక్కడ చేతులకు అప్పగించిన పని హెల్గా అనే ఎనభై ఆరేళ్ళ ఆవిడను చూసుకోవడం. స్నానం చేయించాలి, బొత్తాలు పెట్టాలి, సూపు తాగించాలి, తల దువ్వాలి. వారానికి ఒకరోజు సెలవు. రోజుకు రెండుసార్లు చేతులకు క్రీము రాస్తారు.

ఇక్కడ సువర్చలకు మొదట తెలిసింది చలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే, లేని వేళ్ళు కొయ్యబారిపోయేవి. ఎవరికి చెప్పినా నవ్వుతారని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన నిలబడేది. తర్వాత ఇతర సంగతులు ఒక్కొక్కటే తెలిశాయి. మంచు ముట్టుకుంటే మొదట మెత్తగా ఉంటుందని తెలిసింది. రోజూ ఉదయం హెల్గా ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుని ఏదో ఒక మాట అంటుందని తెలిసింది. చెవులు నరసాపురంలోనే ఉన్నందువల్ల ఆ మాట ఏమిటో సువర్చలకు వినపడదు. అరచేతి కింద చెంప కదలడం మాత్రం తెలుస్తుంది. ఆ అరచేతులతో ఈ ఇంట్లో వండి, ఉతికి, తోమి పదిహేనేళ్ళయింది. వాటిని చెంపకు ఆనించుకున్న మనిషి ఈ ఇంట్లో లేడు. అలాంటి ఉదయాల్లో సువర్చల తనలో తానే నవ్వుకునేది.

"ఏంటే, అలా నవ్వుకుంటున్నావు?" అనేది మంగాయమ్మ.

"ఏం లేదండత్తయ్యా. అక్కడ తెల్లారింది."

ఆదివారాలు వీడియో కాల్ వచ్చేది. చేతులు ఒకదాని మీద ఒకటి బల్ల మీద కూర్చుని కనిపించేవి. ఇంటిల్లిపాదీ ఫోను ముందు చేరేవారు.

"కాస్త చిక్కినట్టున్నాయే," అనేది మంగాయమ్మ.

"తెల్లబడ్డాయి కూడాను," అనేవాడు నాగభూషణం గర్వంగా.

మొదటి ఏడాది చేతులు నమస్కారం పెట్టేవి. రెండో ఏడాది నుంచి బొటనవేలు పైకెత్తి చూపించడం మొదలుపెట్టాయి. మధూలిక కొంతకాలం తన రెండు చేతులూ తెరకు ఆనించేది. తర్వాత హోంవర్కు ఉందని లోపలికి వెళ్ళిపోయేది.

మధూలిక చదివే బడిలో ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని, మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకు రావాలి. తల్లుల చేతులు విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇందులో మినహాయింపు ఉంది, ధ్రువపత్రం తెస్తే చాలు. ఆ ఏడాది మధూలిక తరగతిలో పదకొండు మంది ధ్రువపత్రాలు తెచ్చారు. వాళ్ళందరినీ చివరి రెండు బెంచీల్లో కూర్చోబెట్టారు. వెనక ఉన్నవాళ్ళకు అడ్డం రాకుండా అన్నమాట. మంగాయమ్మకు కీళ్ళ నొప్పులు, చెయ్యి తలదాకా లేవదు. నాగభూషణం జడ వేయబోయి రెండుసార్లు ముడేశాడు, మూడోసారి కత్తెర తెమ్మన్నాడు. కత్తెర మాట వినగానే ఆ పిల్ల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. "అమ్మ చేతులొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు," అని లోపలి నుంచే చెప్పింది. ఆ మాట మీదే ఉంది. జుట్టు ఒక రబ్బరు బ్యాండులో నడుము దాకా పెరిగింది. చేతులు అక్కడున్న ఆ మూడేళ్ళూ తల్లికి అన్నం తినిపించింది, బొట్టు పెట్టింది, చీర కుచ్చిళ్ళు సర్దింది ఆ పిల్లే.

ఒకరోజు మధూలికకు జ్వరం వచ్చింది. సువర్చల వంగి పెదవులు ఆనించి చూస్తే నుదురు కాలిపోతోంది. సరిగ్గా అదే నిమిషంలో లేని అరచేతికి ఇంకో నుదురు చల్లగా, ముడతలు పడి తగిలింది. అక్కడ ఎవరికీ జ్వరం లేదు. చేతులు తమ దినచర్య ప్రకారం ఉదయం తొమ్మిదింటి నుదురు చూస్తున్నాయి, అంతే. సువర్చల కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఏ నుదుటి దగ్గర తాను ఉన్నట్టు లెక్క అని చాలాసేపు ఆలోచించింది. షరతుల కాగితంలో దానికి జవాబు లేదు.

ఇంటి మీద పై అంతస్తు లేచింది. గోడలకు సున్నం పడింది. గృహప్రవేశానికి శ్రావణమాసంలో ముహూర్తం పెట్టించారు. అప్పుడే ఆ దేశం నుంచి రెండో ఉత్తరం వచ్చింది.

చేతులు చక్కగా మెలిగినందున వాటికి శాశ్వత నివాసం, దానితో పాటు పౌరసత్వం ఇవ్వదలిచామని అందులో ఉంది. ఇష్టపడితే మిగతా శరీరం కూడా రావచ్చు. అయితే చేతుల మీద ఆధారపడిన వ్యక్తిగా దరఖాస్తు చేసుకోవాలి. చేతులకూ తనకూ ఉన్న బంధుత్వాన్ని సువర్చలే రుజువు చెయ్యాలి. ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫొటోలు జతపరచాలి. భర్త, కూతురు ఆధారపడిన వ్యక్తి మీద ఆధారపడినవారుగా మరో రెండేళ్ళ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంతకాలకు, వేలిముద్రలకు గాను చేతులను ఇరవై ఒక్క రోజుల సెలవు మీద పంపుతున్నారు.

నాగభూషణం పెళ్ళి ఆల్బం తీసి భూతద్దంతో వెతికాడు. ప్రతి ఫొటోలోనూ సువర్చల చేతులు దండల కిందో, తలంబ్రాల పళ్ళెం వెనకో, ఆమె తండ్రి దోసిట్లోనో ఉన్నాయి. పెళ్ళి తర్వాతి ఫొటోల్లో ఆమె అసలు లేదు. అందరికీ వడ్డిస్తూ వంటింట్లో ఉండి ఉంటుంది. చివరికి ఒక ఫొటోలో బంతి చివర సాంబారు గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి దొరికింది.

"ఇది నీదేనా?" అని అడిగాడు.

"మచ్చ చూడండి. మీ అమ్మగారి మందుల కషాయం దింపుతుంటే కాలింది."

"అమ్మయ్య," అన్నాడు నాగభూషణం. "ఒక రుజువు దొరికింది."

చేతులు ఆషాఢమాసం రెండో వారంలో వచ్చాయి. విమానంలో వాటికి కిటికీ పక్క సీటు ఇచ్చారట. దైవసహాయం స్వయంగా పెట్టె తెరిచి, అతికించి, వేళ్ళు ఆడుతున్నాయో లేదో చూసి సంతకం తీసుకున్నాడు. చేతులు నున్నగా, చల్లగా ఉన్నాయి. సంతకం పెడుతుంటే సువర్చలకు పెన్ను పట్టే పద్ధతి కొత్తగా అనిపించింది.

ఇంటికి రాగానే మధూలిక పరుగెత్తుకొచ్చి తల్లి నడుమును చుట్టేసింది. చేతులు ఆ పిల్ల వీపు మీద మూడుసార్లు తట్టి, ఆగి, మళ్ళీ మూడుసార్లు తట్టాయి. వృద్ధులను ఓదార్చేటప్పుడు అలా చెయ్యాలని వాటికి శిక్షణలో నేర్పారు. పిల్ల బిగుసుకుపోయింది. కాస్త వెనక్కి జరిగి తల్లి అరచేతిని వాసన చూసింది.

"ఇవి ఆవిడ వాసనొస్తున్నాయమ్మా."

"క్రీమే. రెండ్రోజుల్లో పోతుంది."

"పోతుందా?"

సువర్చల దువ్వెన తీసుకుని కూర్చుంది. మధూలిక మూడేళ్ళుగా దాచుకున్న రిబ్బన్లు తెచ్చి తల్లి ముందు వీపు పెట్టి కూర్చుంది. చేతులు ఎంతో నేర్పుగా, నొప్పి తెలియకుండా చిక్కులు తీశాయి. పాపిడి తిన్నగా పడింది. మూడు పాయలు చేసి అల్లుతూ మెడ దాకా వచ్చి అక్కడ ఆగిపోయాయి. హెల్గా జుట్టు మెడ దగ్గర అయిపోతుంది. ఆ కిందది చేతులకు తెలియదు. రెండు చేతులూ గాలిలో నిలబడి, పని పూర్తయిందనుకుని, దువ్వెనకు పట్టిన వెంట్రుకలు తీసి ఒక పక్కన పెట్టాయి. సువర్చల మనసులో ఎంత చెప్పినా అవి కిందికి కదల్లేదు. అల్లని జుట్టు జానెడు, ఇంకో జానెడు పిల్ల వీపు మీద విడిగా పడి ఉంది.

"అయిపోయిందా అమ్మా?"

"ఇంకా లేదు," అంది సువర్చల. "కూర్చో. ఇంకా ఉంది."

ఎంతసేపు కూర్చున్నా ఆ పూట అంతకంటే ముందుకు సాగలేదు.

మిగతా ఇల్లు మాత్రం చేతులను వెంటనే గుర్తుపట్టింది. మూడేళ్ళలో నాగభూషణం కాఫీ పెట్టడం, పప్పు తాలింపు వెయ్యడం చక్కగా నేర్చుకున్నాడు. చేతులు వచ్చిన మర్నాడు ఉదయం వంటింట్లోకి వెళ్ళి, పాలగిన్నె ఎక్కడుంటుందో మరిచిపోయి తిరిగొచ్చి పేపరు పట్టుకు కూర్చున్నాడు. మంగాయమ్మ మూడేళ్ళుగా అటక మీద దాచిన ఇత్తడి సామానంతా దింపించి పెరట్లో వరుసగా పెట్టింది. ఇరవై ఒక్క రోజులకు ఇరవై ఒక్క పనులు కాగితం మీద రాసి గోడకు అంటించారు. పద్దెనిమిదో పని, చేతులకు వీడ్కోలు భోజనం వండడం.

సువర్చల ఆ కాగితం చదివింది. అక్కడ షరతుల కాగితం, ఇక్కడ పనుల కాగితం. రెండింటిలోనూ చేతుల ప్రస్తావన ఉంది, తన పేరు ఎక్కడా లేదు.

వేలిముద్రల తేదీకి నాలుగు రోజులుందనగా మంగాయమ్మ పెరట్లో చెట్టు నుంచి గోరింటాకు దూసుకొచ్చి రోట్లో రుబ్బింది. పద్నాలుగో షరతు ఆవిడకు గుర్తులేక కాదు. ఆషాఢంలో కోడలి చెయ్యి పండాలి, అది ఇంటికి మంచిది, మూడేళ్ళుగా ఆ లోటు ఉండిపోయింది. ఆ లోటు తీర్చి పంపితే చేతులు క్షేమంగా వెళతాయని ఆవిడ నమ్మకం. రంగు సంగతి సబ్బుతో చూసుకోవచ్చనుకుంది.

"పాత పద్ధతిలో పెట్టించుకో. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు."

పెట్టింది మధూలిక. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, ఒక్కొక్క వేలి కొసకు ముద్ద అద్ది టోపీలా తొడిగింది. అరచేతిలో చందమామ కొంచెం వంకరగా వచ్చింది. చేతులు మొదట తుడుచుకోబోయాయి, హెల్గా ఇంట్లో తడిసినదేదైనా వెంటనే తుడిచెయ్యాలని వాటికి అలవాటు. తర్వాత ఆకు చల్లదనానికి నెమ్మదించాయి. సువర్చల రెండు చేతులూ ఎత్తి పట్టుకుని కూర్చుంది.

"సువర్చలా, కాఫీ," అన్నాడు నాగభూషణం లోపలికి వస్తూ.

"చేతులకి గోరింటాకుందండి."

అతను ఆగిపోయాడు. ఆ మాటకు ఆ ఇంట్లో, ఆ వీధిలో, అతనికి తెలిసిన ఏ ఇంట్లోనూ ఎదురు జవాబు లేదు. గోరింటాకు పెట్టుకున్న మనిషికి పని చెప్పరు. మీదుమిక్కిలి ఆవిడకే ఎవరో ఒకరు తినిపించాలి. అతను వంటింట్లోకి వెళ్ళాడు. పాలగిన్నె ఎక్కడుంటుందో వెంటనే గుర్తొచ్చింది. మధూలిక పెరుగన్నం కలిపి తెచ్చి తల్లి నోట్లో పెట్టింది. మూడేళ్ళూ తినిపించిన పిల్లే, కాని ఈసారి ఎదురుగా చేతులు ఉన్నాయి, ఖాళీగా ఉన్నాయి, ఎవరి పనీ చెయ్యడం లేదు. సువర్చల వాటిని చూస్తూ నెమ్మదిగా నమిలింది. ఆకు ఎండాక కూడా కడుక్కోలేదు. ఇంకో వాయి పెట్టమంది.

నాలుగో రోజున కార్యాలయంలో యంత్రం ఆమె పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా చూసి, తెరమీద ఒకే వాక్యం చూపించింది. చేతులు లేవు.

"ఉన్నాయి కదండీ," అంది సువర్చల, ఎర్రటి వేళ్ళు ఆడించి.

"నాకు కనబడుతున్నాయమ్మా. దానికి కనబడాలి," అన్నాడు దైవసహాయం. "రంగు పోయాక రండి. వారం గడువు రాస్తాను."

వారం తర్వాత ఆమె వెళ్ళింది. వేళ్ళు మునుపటి కంటే ఎర్రగా ఉన్నాయి. ఇంకో వారం ఇచ్చారు. ఇంకా ఎర్రబడ్డాయి. నాలుగోసారి దైవసహాయం కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించాడు.

"ఆషాఢం వెళ్ళిపోయి పన్నెండు రోజులైంది కదమ్మా. ఇంకా గోరింటాకేంటి?"

"మా ఇంట్లో ఇంకా ఆషాఢమేనండి."

"అంటే?"

"మా ఇంట్లో పోలేదండి. పోయినప్పుడు నేనే వచ్చి చెప్తాను."

దైవసహాయం ఆమె ముఖంలోకి చూశాడు. హాస్యమాడుతున్న జాడ లేదు. ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు. గడువు పొడిగింపుకు కారణం దరఖాస్తుదారు చెప్పినదాన్ని చెప్పినట్టే నమోదు చెయ్యాలని ఉంది తప్ప, మాసాలు అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి మారాలని ఎక్కడా లేదు. అందుకని రిజిస్టరులో స్ఫుటంగా రాశాడు: సదరు గృహంలో ఆషాఢమాసం అమల్లో ఉన్నది. దాని నకలు ఒకటి ఆమెకిచ్చాడు. ఈసారి రసీదు ఆమే పట్టుకుంది.

నకలు మునిసిపాలిటీకి, కరెంటు వాళ్ళకు, బడికి వెళ్ళింది. దాంతో శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్న గృహప్రవేశం ఆగిపోయింది. ఆషాఢంలో గృహప్రవేశం చేయించనని పురోహితుడు ఖరాఖండిగా చెప్పాడు. వీధిలో మిగతా ఇళ్ళన్నీ శ్రావణంలో ఉన్నాయి, ఆ ప్రహరీ లోపల మాత్రం లేదు. మంగాయమ్మ వరలక్ష్మీ వ్రతానికి కలశం పట్టుకుని ప్రహరీ దాటి, గోపాలస్వామి అరుగు మీద, అతని మొండెం పక్కన కూర్చుని పూజ చేసుకుని వచ్చింది.

"ఎన్నాళ్ళే ఈ ఆషాఢం?" అంది తిరిగొచ్చి, వాయనం శనగలు కోడలి ఎర్రటి చేతిలో పోస్తూ.

"జడ పూర్తయ్యేదాకా అండి."

"పైన అంతస్తు అలా తాళం వేసుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు నాగభూషణం. "వాళ్ళు పౌరసత్వం ఇస్తామంటున్నారు. నువ్వూ వెళ్ళొచ్చంటున్నారు. ఇంకేం కావాలి?"

"నా చేతుల వెనకాల నేను ఆధారపడి వెళ్ళాలా? వాటికి నేను చుట్టాన్నని ఫొటోలు చూపించాలా?" ఆమె గొంతు పెంచలేదు. "నేను వెళితే మొత్తం వెళతానండి, తలెత్తుకుని. లేకపోతే మొత్తం ఇక్కడుంటాను. ఉన్నా కూడా, ఆ గోడ మీద కాగితం చింపేశాకే ఉంటాను."

నాగభూషణం ఎప్పటిలాగే ఎవరైనా ఒక మాట మీదికి వస్తే తానూ అదే అందామని చూశాడు. ఎవరూ రాలేదు. కాగితం మధూలిక చింపింది.

రోజూ సాయంత్రం జడ సాగేది. మెడ దిగాక ఒక మెలిక, రెండు మెలికలు. చేతులు మధ్యలో ఆగిపోయేవి. సువర్చల తిట్టేది కాదు, తొందరపెట్టేది కాదు. తప్పు పడిన లేసులాగే మొత్తం విప్పి, మొదటి నుంచి అల్లేది. ఒక్కోసారి చేతులు ఉన్నట్టుండి లేచి, గాలిలో ఎవరిదో చెంప కోసం తడుముకునేవి. అప్పుడు ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకునేది. వాటికి అక్కడ బాగుండేదన్నది ఆమెకు తెలియని విషయం కాదు.

భాద్రపదంలో, అంటే వీధిలో భాద్రపదం ఉండగా, హెల్గా నుంచి ఉత్తరం వచ్చింది. వణికే అక్షరాల్లో నాలుగు వరుసలు. మధూలిక ఫోనులో పెట్టి తెలుగులోకి మార్చి చదివింది. ఇప్పుడు తనకు ఒకరి కుడి చెయ్యి, మరొకరి ఎడమ చెయ్యి పంపారని, వాటికి ఒకదానికొకటి పొత్తు కుదరడం లేదని రాసింది. చివరి వరుస, నా చేతులు ఎప్పుడొస్తాయి?

మధూలిక తల్లి వంక చూసింది. "నా చేతులు అంటోందేంటమ్మా ఆవిడ?"

"మూడేళ్ళు వాడుకుంది కదే. అలాగే అనిపిస్తుంది," అంది సువర్చల. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి నుంచి పద్దెనిమిది రోజులు కూర్చుని ఒక లేసు కాలరు అల్లింది, హెల్గా మెడ కొలత ఆ వేళ్ళకు తెలుసు. దాన్ని పోస్టులో పంపింది. లోపల పెట్టిన కాగితంలో ఒకటే రాసింది. చేతులు రావు. క్షేమంగా ఉన్నాయి. మీరు రోజూ ఉదయం చెంపకు ఆనించుకుని ఏ మాట అనేవారో దయచేసి రాయండి, నాకు వినపడలేదు.

జవాబు రాలేదు. ఆవిడ ఉందో లేదో తెలుసుకోవడానికి సువర్చలకు ఇప్పుడు మార్గం లేదు. అరచేతుల్లో చందమామ మాత్రమే ఉంది.

సెలవు గడువు తీరినా చేతులు తిరిగి రాలేదు కనుక, ఆ దేశం తన నిర్ణయాన్ని తానే అమలు చేసి, వాటికి పౌరసత్వం మంజూరు చేసింది. దానితో అవి విదేశీ చేతులయ్యాయి. విదేశీయులు ఈ దేశంలో ఉండాలంటే నెలకోసారి కార్యాలయానికి వచ్చి హాజరు వేయించుకోవాలి. వాటికి ఆశ్రయం ఇచ్చిన వ్యక్తిగా సువర్చల పూచీ సంతకం పెట్టాలి. ఆ సంతకం ఆ చేతులే చేస్తాయి. ఇందులో తిరకాసు ఉందని దైవసహాయం కూడా ఒప్పుకున్నాడు, కాని ఫారం అలాగే అచ్చయిందన్నాడు.

మూడో నెల హాజరుకు వెళ్ళినప్పుడు ఆయన సంతకం అయ్యాక కూడా ఆమెను వెళ్ళనివ్వలేదు. సొరుగు తెరిచి ఖాళీ టిఫిను డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఆవిడకి వచ్చిందమ్మా వీసా. సోమవారం అప్పగింత. నేనే షరతులు చదివి వినిపించాలి," అన్నాడు. డబ్బా ఆమె వైపు జరిపి, "మీ పెరట్లో ఆకు బాగా పండుతుందనుకుంటాను," అన్నాడు.

"రుబ్బి తెస్తానండి," అంది సువర్చల. "ఎర్రగా పండుతుంది."

ఆ సోమవారం తర్వాత భీమవరంలో కూడా ఒక ఇంట్లో ఆషాఢం మొదలైంది. మాఘమాసానికి అలాంటి ఇళ్ళు నలభై దాటాయి. కార్యాలయం వారు కంగారు పడలేదు. నాలుగో కౌంటరు పైన కొత్త బోర్డు పెట్టారు. ఆషాఢ గృహముల వారు ఇక్కడ నిలబడవలెను, ప్రతి నెల రెండో మంగళవారం, భోజన విరామం ఒంటిగంట నుంచి. ఫారాలకు ఆకుపచ్చ రంగు కేటాయించారు. ఎర్ర వేళ్ళ మరకలు కనిపించకుండా మరింత ముదురు ఆకుపచ్చ కావాలని వచ్చిన వినతిపత్రం పరిశీలనలో ఉంది.

ఇప్పుడు ఆ మంగళవారాల్లో సువర్చల కూతురితో కలిసి వెళుతుంది. మధూలిక జడలు రెండూ నడుము దాకా ఉంటాయి, కింద ఎర్ర రిబ్బన్లు మడిచి కట్టి ఉంటాయి. చివరి మెలిక కాస్త వదులు, రోజూ మధ్యాహ్నానికి ఊడిపోతుంది, సాయంత్రం మళ్ళీ వేస్తారు. వరుసలో ముందు చేతుల వాళ్ళు, తర్వాత నడుముల వాళ్ళు, గోపాలస్వామి తలను వెనక్కి రప్పించమని అడగడానికి వచ్చిన అతని భార్య, ఆమె పక్కన మొండెం. చివర్న కొందరు నిలబడతారు. వాళ్ళకు అన్ని అవయవాలూ ఉన్నాయి. చాలా ఏళ్ళు ఎక్కడో ఉండి వచ్చారు, మంచి బట్టలు వేసుకుంటారు, చూడటానికి ఏ లోటూ కనబడదు. ఏం పంపారని, ఏది తిరిగి రాలేదని వాళ్ళను ఎవరూ అడగరు. వాళ్ళకు కూడా ఆకుపచ్చ ఫారమే ఇస్తారు.

ఫారంలో ఏడో గడి, ఈ చేతులు ఎవరివి? సువర్చల ప్రతి నెలా అక్కడ నావి అని రాస్తుంది. గుమాస్తా ప్రతి నెలా దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ఆ దేశం పేరు రాసి, వేలిముద్ర కోసం ఆమె ముందుకు జరుపుతాడు. యంత్రానికి ఆ వేలు ఇప్పటికీ కనబడదు కనుక కాగితం మీదే వెయ్యాలి. ఆమె బొటనవేలు సరిగ్గా ఆ దేశం పేరు మీద ఆనించి, గట్టిగా నొక్కుతుంది. పొద్దున్నే పెట్టించుకున్న గోరింటాకు ఇంకా తడిగానే ఉంటుంది. వేలు తీశాక కింద ఏ పేరుందో ఎవరికీ కనబడదు.

"వచ్చే నెల మళ్ళీ రావాలమ్మా," అంటాడు గుమాస్తా.

"వస్తానండి," అంటుంది సువర్చల. "చెట్టు ఇంకా చిగురేస్తోంది."